కలిపి లెక్కపెట్టండి

మైపాడుకు కాస్త దక్షిణంగా ఉండే తిప్పపాలెంలో ఆ ఉదయం నా కళ్ళతో చూసింది ముందు చెబుతాను. ఉపన్యాసం తర్వాత. ఉపన్యాసాలిచ్చీ ఇచ్చీ నా గొంతు ఎలాగూ అరిగిపోయింది.

పడవలు ఒడ్డుకొచ్చాయి. ఇసుకలో కానాగంత చేపలు కుప్పలు పోసి వేలంపాట మొదలుపెట్టారు. అంకాలమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చి పాట పాడింది. ఎవరూ వినిపించుకోలేదు. ఇంకాస్త పెంచి పాడింది. పాట నడిపేవాడు సముద్రం వైపు చూస్తూ, ఆమెకంటే తక్కువకు పాడిన మనిషికి కుప్ప ఇచ్చేశాడు. మరో పడవ దగ్గరికి వెళ్ళింది. అక్కడా అంతే. వరసకు తమ్ముడయ్యేవాడు వల దులుపుకుంటూ, "ఈడ నిలబడొద్దక్కా, నీకు దండం పెడతా" అన్నాడు. మొగుడు సముద్రంలో పోయాక ఆ గంపతోనే కూతురు సాయిలక్ష్మిని నెల్లూరులో నర్సింగు చదివిస్తున్న మనిషి, ఆ గంపే బోర్లించి దానిమీద కూర్చుంది.

"ఏందమ్మా ఇది?" అని అడిగాను.

"దురాయి, సంజీవరావన్నా" అంది.

దురాయి అంటే తెలియని విద్యార్థులు మీలో ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పట్టపు జాలర్ల పాలేల్లో పెద్దకాపు, అంటే కులపెద్ద, ఊరందరి తరఫునా వేసే కట్టుబాటు అది. వేట ఎప్పుడు ఆపాలో, ఏ వల వాడకూడదో దురాయే చెబుతుంది. మంచికే పుట్టింది. పేదవాళ్ళు ఒకరినొకరు తినేయకుండా కాపాడింది. అయితే ఎలక్షన్లు వచ్చాక ఓటు మీదా దురాయి పడింది. ఊరు ఊరంతా ఫలానా గుర్తుకే. దాటినవాడికి వెలి. నిప్పూ నీళ్ళూ చేపా ఏదీ పుట్టదు.

మొన్నటి ఎలక్షన్‌లో తిప్పపాలెం దురాయి నరేంద్రబాబు పార్టీకి పడింది. ఆయన రొయ్యల గుంటల ఆసామి. పాలెం మొత్తానికీ ఒక్కటే బూతు, ఒక్కటే మిషను. లెక్కింపు రోజున ఆ మిషను తెరిస్తే పదకొండు ఓట్లు అవతలి గుర్తుకు పడ్డాయని తేలింది. గెలిచింది నరేంద్రబాబు వాళ్ళే! పదకొండు ఓట్లతో ఆయన పార్టీకి వెంట్రుక కూడా ఊడలేదు. అయినా గుంటలకు నీళ్ళు తోడుకునే సాకుతో ఉప్పుకాలవకు అడ్డంగా మట్టికట్ట పోయించాడు. చిన్న పడవలు సముద్రంలోకి పోయే దారి అదొక్కటే. పెద్దకాపు ముత్యాలయ్యను పిలిపించి, "ఆ పదకొండు మంది ఎవరో తేల్చు, కట్ట తీయిస్తా" అన్నాడు.

పోలింగుకు ముందు, కాలవ గట్టున రొయ్యల గుంటల మురుగు గురించి ఆయన్ని నిలదీసింది అంకాలమ్మే. ఊరి వేళ్ళన్నీ ఆమె మీదికే తిరిగాయి. పేరు తేలకముందే ఆమెకు చేప ఆగిపోయింది. ఆదివారం పోలేరమ్మ ముందు అందరూ వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, దురాయి దాటలేదని ప్రమాణం చేయాలని చాటింపు కూడా వేశారు.

ఆ వారంలోనే నేను నెల్లూరులో ఒక చర్చాసభకు పోయొచ్చాను. దేశంలో ఓటు పద్ధతి మార్చాలా వద్దా అని. ఒకాయన మిషన్లు వద్దు కాగితాలే కావాలన్నాడు. ఇంకొకాయన దేశమంతా అన్ని ఎలక్షన్లూ ఒకేసారి పెట్టాలన్నాడు. మూడో ఆయన ఖర్చు సంగతి ఎత్తాడు. ఫ్యాన్ల కింద టీ తాగుతూ బాగానే కొట్లాడుకున్నారు. నేను లేచి, కొన్ని బూతుల ఓట్లు కలిపి లెక్కపెట్టే పరికరం గురించి ఎందుకు మాట్లాడరని అడిగాను. వెనకటి కాలంలో చాలా బూతుల బ్యాలెట్ కాగితాలను కలిపేసి లెక్కపెట్టిన రోజులున్నాయి, ఏ పల్లె ఎటు వేసిందో ఏ దొరకూ తెలిసేది కాదు అన్నాను. "మంచి పాయింటు" అన్నారు. అంతే. భోజనాలకు లేచారు. జాలర్ల సంఘంలో నా ముప్పయ్యేళ్ళ పని ఇలాంటి మంచి పాయింట్లతోనే గడిచిపోయింది, నాకు విసుగొచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళు నెత్తళ్ళు ఎండబోసే చోట కూర్చుని ఇదంతా చెప్పాను. అందరూ విన్నారు. వేలూరి పెంచలమ్మ మాత్రం కస్సుమంది. ఆమె మొగుడి పడవ కాలవలో బురదలో కూరుకుపోయి ఉంది.

"ఆ మిషను ఎప్పుడో వస్తాదంటావు, మా కడుపు ఇప్పుడు కాలతా ఉండాది. పదకొండు పేర్లు చెప్పేస్తే కాలవ తెరుస్తాడు గదా. వాళ్ళకోసం ఊరంతా పస్తుండాల్నా?"

"నా పేరు చెప్పేస్తాలే" అంది అంకాలమ్మ. "నేనేసినా. అవును, దాటి వేసినా. పోలేరమ్మ ముందర అబద్ధం ఆడి కర్పూరం ఆర్పే ధైర్యం నాకు లేదు. నేను ఒప్పుకుంటే మిగతా పదిమందైనా బతుకుతారు."

"నీ ఒక్కదాంతో ఆయన ఊరుకుంటాడా?" అన్నాను. "పదిమందినీ అడుగుతాడు."

"అయితే ఏం చెయ్యమంటావన్నా? చెప్పు! సంఘం సంఘం అంటావే, చెప్పు."

జవాబుందని అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. అందరికంటే పెద్దది వెంకటశేషమ్మ, దురాయిని దైవంగా చూసే మనిషి. ఆమె చేపలు తిరగేస్తూనే, "ఆ కాగితాలు కలిపేసేవాళ్ళని అన్నావే, ఎవురు కలిపేది?" అని అడిగింది.

"లెక్కపెట్టేవాళ్ళే."

"అదిగాదబ్బయా. దురాయి ప్రకారం వేసినోడి కాగితమూ, దాటినోడి కాగితమూ రెండూ ఒకే కుప్పలో పడతాయి గదా?"

"పడతాయి."

"ఊఁ" అంది. మళ్ళీ చేపలు తిరగేసింది.

ఆదివారం ఊరంతా పోలేరమ్మ రాయి ముందు చేరింది. మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక నిలబడ్డారు. ముత్యాలయ్య ముఖం పీక్కుపోయింది. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. చెడ్డవాడు కాదు. కాలవ తెరుచుకోకపోతే ఊరు ఎండిపోతుందని ఆయన భయం. నరేంద్రబాబు మనిషి ఒకడు బైకు మీద కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

తమలపాకు మీద కర్పూరం వెలిగించారు. మా ప్రాంతపు ఆచారం ప్రకారం ప్రమాణం పెద్దవయసు నుంచి మొదలవుతుంది.

"అత్తా, నువ్వు రా" అని ముత్యాలయ్య వెంకటశేషమ్మను పిలిచాడు.

ఆమె కదలక ముందే అంకాలమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. "ఎవురూ ఆర్పక్కర్లేదు మామా. నేను..."

"కూర్చోమ్మే!" అని వెంకటశేషమ్మ ఆమె చెయ్యి పట్టి ఇసుకలోకి లాగేసింది. తర్వాత కర్పూరం ముందుకు వచ్చి నిలబడింది. "పెద్దకాపా, నువ్వు చెప్పిన గుర్తుకే వేసినా. పుట్టి బుద్ధెరిగినాక దురాయి దాటలేదు. ఇది ఆర్పితే నా చెయ్యి కాలదు."

"ఆర్పు మరి."

"ఆర్పను."

ముత్యాలయ్యకు అర్థం కాలేదు. "నిజమే గదా నువ్వు చెప్పేది?"

"నిజం గాబట్టే ఆర్పను. నేను ఆర్పితే, ఆనక ఈమె ఆర్పితే, ఇంకొకామె ఆర్పితే, చివరికి ఆర్పలేక మిగిలేదెవురు? ఆ బిడ్డలేగదా. నా నిజం తీసుకుపోయి వాళ్ళకు ఉరేస్తావా? నా కాగితం గూడా వాళ్ళ కుప్పలోనే పడనీ. కలిపేసుకో."

నెల్లూరు సభలో నేను పరికరం సంగతి అడిగి వచ్చేశాను. ఈ ముసలామె తానే వచ్చి కుప్పలో కూర్చుంది.

రెండో మనిషిని పిలిచారు. ఆమె వెంకటశేషమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. మూడో ఆమె ఏడ్చింది, అయినా ఆర్పలేదు. ఒక మగమనిషి లేచి, "నేనూ దురాయి ప్రకారమే వేసినా, నేనూ ఆర్పను" అని కూర్చున్నాడు. తర్వాత పిలుపులు ఆగిపోయాయి. కర్పూరం దానంతటదే కాలిపోయి ఆకు నల్లబడింది.

"అయితే అందర్నీ వెలేస్తుండా!" అని ముత్యాలయ్య గట్టిగా అరిచాడు.

"ఊరంతా వెలైతే రేపు కానాగంతలు ఎవురికి అమ్ముతావు మామా?" అంది అంకాలమ్మ ఇసుకలోంచే. ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు ఆగలేదు. ముత్యాలయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని నేలమీద చతికిలబడ్డాడు.

అప్పుడు లేచింది పెంచలమ్మ. "సరే, పేర్లు చెప్పేది లేదంటిరి. మరి నా పడవ సంగతేంది? ఆయన కట్ట తియ్యడు. నేను పార తెచ్చుకుంటా."

ఇంతకంటే చిన్న తీర్మానం నా జన్మలో చూడలేదు. ఎవరూ ఓటుకు పెట్టలేదు. పలుగులు, పారలు, గంపలు తెచ్చుకున్నారు. బైకు మనిషి అడ్డం వస్తే అతని బండి తీసి పక్కన పెట్టారంతే. ఎండ మండిపోతుండగా కట్ట తవ్వారు. అంకాలమ్మ గంపలో ఆ రోజు మట్టి మోసింది. నేనూ కాస్త మోశాను, నడుము పట్టేసింది. సముద్రపు పోటు వచ్చే వేళకు గండి పడింది. నీళ్ళు మొదట పాయలా దూరాయి, తర్వాత మట్టిని కోసుకుంటూ వచ్చాయి. పెంచలమ్మ పడవ కొంచెం కదిలింది.

పోలీసు వ్యాను వచ్చింది. నరేంద్రబాబు కారు కూడా వెనకే వచ్చింది, ఆయన దిగలేదు. ఎస్సై నేరుగా ముత్యాలయ్య దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వేగా పెద్దకాపువి. కట్ట తెంపింది ఎవరెవరో పేర్లు చెప్పు. మిగతావాళ్ళు ఇళ్ళకు పోవచ్చు."

ముత్యాలయ్య తల ఎత్తి కారు వైపు చూశాడు. కాలవ వైపు చూశాడు. ఆ నోటినుంచి పేర్లు రాలడం మాకు అలవాటే.

"పేర్లు లేవు సార్" అన్నాడు చివరికి. "ఊరు తెంపింది. కలిపి లెక్కపెట్టుకోండి."

అంకాలమ్మ గంప బోర్లించి మట్టి దులిపింది. గంపతోనే పోయి వ్యాను మొదటి మెట్టు ఎక్కింది. వెనకాల వెంకటశేషమ్మను పెంచలమ్మ చెయ్యి పట్టి ఎక్కించింది. ఆ తర్వాత ముత్యాలయ్య. నేనూ ఎక్కబోయాను, చోటు లేదు. ఇంకా సగం ఊరు బయటే ఉంది. వ్యాను చాలదని, ఇంకోటి పంపమని ఎస్సై ఫోన్‌లో అరుస్తున్నాడు. మేము అలసిపోయి గట్టుమీద కూర్చున్నాం. పారిపోవాలని ఎవరికీ అనిపించలేదు. మా ముందు నుంచి నీళ్ళు కాలవలోకి వస్తూనే ఉన్నాయి.