టీ తాగి వచ్చేలోగా

"కాస్త ఆ డ్రమ్స్ సంగతి చూడవోయ్, ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా," అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి, ముందుగదిలో ఉన్న దర్శకుడికి వినబడకుండా గొంతు తగ్గించి. ఖాళీ అంటే, పొయ్యి మీద టీ మరుగుతోంది, వాషింగ్ మెషిన్ బట్టలు తీయమని కూతలు పెడుతోంది, అత్తగారి మోకాలికి రాసిన మందు ఇంకా ఆమె అరచేతికి అంటుకునే ఉంది.

ముందుగదే అతని స్టూడియో. సినిమాలకి పాటలు కడతాడు. బాణీ కట్టడంలో అతనికి తిరుగులేదు, ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. డ్రమ్స్ దగ్గరికొచ్చేసరికే చేతులెత్తేస్తాడు. అవి ఎవరూ కూర్చుని వాయించినవి కావు. ఎవరో ఒక్కో దెబ్బా రికార్డు చేసి అమ్మితే, కొనుక్కొచ్చి కంప్యూటర్లో పేర్చుకున్నవి. పేర్చడం తేలికే, వాటికి ప్రాణం పోయడమే కష్టం. ఆరేళ్ళుగా ఆ పని ఆమెది. దానికో పద్ధతి కూడా ఏర్పడిపోయింది. పాట వినడానికి వచ్చిన దర్శకులు దెబ్బలో బలం లేదనగానే అతను "రండి సార్, చెవులకి కాస్త విశ్రాంతి ఇద్దాం" అని బాల్కనీలోకి టీకి తీసుకెళతాడు. కప్పులు సర్దే నెపంతో ఆమె లోపలికెళ్ళి, వాళ్ళు తాగి వచ్చేలోగా సరిచేసి బయటికొచ్చేస్తుంది. అతను వచ్చి ఊరికే ఓ మీట అటూ ఇటూ కదిపి, "ఇప్పుడు వినండి" అంటాడు. తన పేరు కూడా వేయించమని ఒకసారి ఆమె అడక్క అడిగింది. "మనలో మనకి పేర్లేమిటే, ఇంట్లో పనేగా," అన్నాడు. అత్తగారైతే, "కూరలు తరుక్కునేదానికి పాటల గదిలో ఏం పనమ్మా," అని నవ్వేది. చేసింది దేవుడు చూస్తూనే ఉంటాడులే అనుకుని ఆమె రోజూ దండం పెట్టుకుని ఊరుకునేది. కానీ ఈ పొద్దున స్టూడియో బల్ల తుడుస్తుంటే ఒక కాగితం కనబడింది. తెర మీద వేసే పేర్ల జాబితా. 'డ్రమ్స్ మిక్సింగ్' అని విడిగా ఒక వరస ఉంది, దాని ఎదురుగా భర్త పేరు, భర్త చేతిరాతతోనే. ఇవాళ దర్శకుడు ఆ కాగితం పట్టుకెళతాడు. అప్పటినుంచీ ఆమెని ఒకే ప్రశ్న తొలిచేస్తోంది. దేవుడికి తెలిసిన సంగతి మనుషులకి చెబితే తప్పవుతుందా?

ముందుగదిలోంచి దర్శకుడి గొంతు వినిపించింది. "ఏంటయ్యా ఇది, అట్టపెట్టె మీద గరిటెతో కొట్టినట్టుంది. ఈ పాటలో నా కుస్తీవాడు బరిలోకి దిగుతున్నాడు. వినేవాడికి గుండెల మీద దెబ్బ పడాలి."

"పెంచుతాను సార్," అంటూ భర్త పరుగున వెళ్ళాడు. పెంచాడు. కిక్ డ్రమ్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఇంకొకటి తెచ్చి మొదటిదాని మీద పేర్చాడు. మోత పెరిగింది, బలం ఇంకా పోయింది. వంటింట్లోంచే ఆమెకి తెలిసిపోయింది ఏం జరిగిందో. ఈ విద్య ఆమె ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. అంట్లు తోముతూ, ఫోన్లో పాఠాలు పెట్టుకుని, ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని నేర్చుకుంది. రెండో చెవి అత్తగారి పిలుపుకి వదిలిపెట్టాలి కదా. రెండు చెవులతో వినేవాళ్ళు హంగుకి మోసపోతారు. ఒక్క చెవితో వినేవాళ్ళకి ఏది ఉందో, ఏది మాయమైందో వెంటనే పట్టుబడుతుంది.

"రండి సార్, బాల్కనీలో టీ తాగుదాం," అంటున్నాడు భర్త.

ఆమె చెయ్యి కడుక్కుని, పొయ్యి కట్టేసి ముందుగదిలోకి నడిచింది. "సార్‌ని కూర్చోనివ్వండి. సార్ ముందే చేస్తాను," అంది.

"మా ఆవిడ... కప్పులకోసం..." అని నసిగాడు భర్త. అప్పటికే ఆమె కుర్చీలో కూర్చుంది. దర్శకుడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, లేచినవాడల్లా మళ్ళీ చతికిలబడ్డాడు.

"ఈ రెండు కిక్‌లూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయి సార్," అంది. "ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఎంత పెంచినా అంతే." ఒక మీట నొక్కి రెండోదాని దిశ తిప్పింది. గదిలో నేల అదిరింది. దర్శకుడు తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

ఆ తర్వాత ఆమె ఎవరినీ చూడలేదు. అట్టపెట్టె మోత ఎక్కడుందో వెతికి అక్కడ కోసేసింది. కిక్ పడిన ప్రతిసారీ బేస్ గిటార్ రవ్వంత తగ్గి దారిచ్చేలా కట్టింది. దెబ్బలన్నీ ఒకే బరువుతో మరమనిషి కొట్టినట్టున్నాయి, వాటిలో కొన్నిటిని తేలిక చేసింది. ఆఖరున మొత్తం డ్రమ్స్‌కి ఒక నకలు తీసి, దానిలో హెచ్చుతగ్గులు లేకుండా బాగా నొక్కిపెట్టి, అసలు కింద సన్నగా కలిపింది. పాటని మొదట ఉన్నంత శబ్దానికే దించింది. "పెంచలేదు చూడండి," అని పాట మొదలుపెట్టింది.

పాటలో ఇప్పుడు నిజంగానే బరిలోకి మనిషి దిగాడు. పాట అయ్యాక దర్శకుడు భర్త వైపు తిరిగి, "నా కిందటి సినిమాలో కూడా టీ తాగొచ్చాకే కదయ్యా బాగుపడింది పాట?" అన్నాడు. భర్త మెడ వెనక గోక్కున్నాడు. "అదీ... అవును సార్. అదీ తనే," అన్నాడు చివరికి. ఆ మాట అతని నోట వస్తుందని ఆమె అనుకోలేదు.

దర్శకుడు బల్ల మీది పేర్ల కాగితం తీసి, ఆ వరసలో ఉన్న పేరు కొట్టేసి, "చెప్పమ్మా," అన్నాడు. ఆమె తన పేరు చెప్పింది. అతను రాస్తుంటే ఒక్కో అక్షరమూ చూసింది. బయటివాళ్ళెవరైనా రాయగా తన పేరు చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేసింది.

గుమ్మంలో అత్తగారు మోకాలు పట్టుకుని నిలబడి ఉంది. "అదేంటే అమ్మాయ్, నా గదిలో మంచం కూడా ఊగింది. అంతా నువ్వే చేశావా?"

"నేనే అత్తయ్యా," అంది ఆమె, హెడ్‌ఫోన్స్ తీసి రెండు చెవులకీ పెట్టుకుంటూ. "కుర్చీ తెచ్చుకుని కూర్చోండి. రెండో పాట మొదలుపెడుతున్నాను."