పూలు కోయరాదు

నాంపల్లిలో తమ కాలనీ పక్కన చెత్త పోసే మూడుమూలల జాగాలో పార్కు వేస్తానని హైందవి అంటే మున్సిపల్ ఆఫీసులో నవ్వారు. గులాబీలు మానేసి జిల్లేళ్లు నాటేసరికి కాలనీవాళ్లు తిట్టారు. జిల్లేడు పాడుబడ్డ కొంపల్లో మొలవాలి గానీ, ఎవరైనా చేతులారా నాటుకుంటారా? ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఈ ఆకు తినే గొంగళిపురుగే నారింజరంగు సీతాకోకచిలుక అవుతుందనీ, ఈ మొక్క లేకపోతే అదీ ఉండదనీ.

రెండేళ్లకు సీతాకోకలొచ్చాయి. సోమవారం ఆఫీసరు విజయేందర్ చూడటానికొస్తాడు. ఆకుల మీద పురుగులు కనబడితే పార్కు ఉంటుంది, లేదంటే అది బండ్ల పార్కింగు. శనివారం సాయంత్రం ఆకుల నిండా చారల పురుగుల్ని చూసుకుని, ‘పూలు కోయరాదు’ అని బోర్డు కట్టి, హైందవి హాయిగా నిద్రపోయింది.

తెల్లారితే రథసప్తమి. తల్లి వరలక్ష్మి ఏటా లాగే కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, నెత్తిన, భుజాల మీద జిల్లేడాకులు పెట్టి నీళ్లు పోసింది.

"ఏటా ఈ ఆకుల కోసం ఉస్మాన్‌గంజ్ దాకా పోయేదాన్ని. ఈసారి నీ పార్కుందిగా" అంది మురిసిపోతూ. "కాలనీ అంతా అక్కడే ఉన్నారే. నాకు కొసాకులే మిగిలాయి. నిన్ను తిట్టినవాళ్లే దీవించారనుకో."

హైందవి కాళ్ల దగ్గర పడ్డ ఆకు తిప్పి చూసింది. అడుగున ఆవగింజకన్నా చిన్న తెల్లటి గుడ్డు. తడిజుట్టుతోనే పరిగెత్తింది.

పూలన్నీ ఉన్నాయి. బోర్డు మాట ఒక్కరూ జవదాటలేదు. ఆకు మాత్రం ఒక్కటీ లేదు. జనం దులిపేసిన పురుగులు మట్టిలో పాకుతుంటే చీమలు పట్టుకుపోతున్నాయి. ఏటా నెత్తిన ఆకు పెట్టించుకునే తనకే, బోర్డు కట్టేటప్పుడు ఆ పండగ గుర్తు రాలేదు. ఎవర్ని తిట్టాలో తెలియక అక్కడే కూలబడి ఏడ్చింది.

"గీడ పురుగులేవి?" అన్నాడు సోమవారం విజయేందర్.

"నెలలో మళ్లీ చిగురిస్తాయి సార్. కాస్త టైమివ్వండి."

"నెల దాంక ఆగుమంటే పైనోళ్లు ఆగరమ్మా." మనిషి మంచివాడే. పార్కింగుకి సంతకం పెట్టి, బండెక్కుతూ ఆగాడు. "నిన్న మా ఇంట్ల గూడ గీ ఆకులే. మస్తు పుణ్యం చేసిన్రని మా అమ్మ జర మీకు చెప్పుమన్నది."

అతను వెళ్లాక ఒక ఆడ సీతాకోక వచ్చింది. గుడ్డు పెట్టే చోటు కోసం కొమ్మకొమ్మా కాళ్లతో తడిమి చూసుకుని, గోడ దాటి బషీర్‌బాగ్ వైపు ఎగిరిపోయింది. అటంతా హైందవి ఏనాడో వెతికింది. ఒక్క జిల్లేడూ లేదు.