తూము ఎత్తిన ఫైనల్

కుళ్ళిన కోడిపేగుల కంపు ఎలా ఉంటుందో పెళ్ళికి ముందు నాకు తెలియదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను, ఏ చెరువులో తవుడు వేసి శీలావతి చేపల్ని పెంచారో, ఏ చెరువులో కోళ్ళ వ్యర్థాలు వేసి క్యాట్‌ఫిష్ పెంచారో. బీఎస్సీ మూడేళ్ళు చదివినా అబ్బని ఈ విద్య మా ఆయన ఫుట్‌బాల్ పుణ్యమా అని ఒక్క వేసవిలో అబ్బింది.

మా పెళ్ళి మాఘమాసంలో అయింది. మా ఆయన హేమంత్‌కుమార్ తాడేపల్లిగూడెంలో ట్రాక్టర్ల షోరూంలో సర్వీస్ ఇంజనీరు. సాయంత్రాలు ఉంగుటూరు జట్టుకి గోల్‌కీపరు, కెప్టెను కూడా. కొత్త కాపురం కదా, ఆయనకి సంబంధించిన ఏ చిన్న వస్తువు చూసినా నాకు సంబరమే. ఆయన గ్లోవ్స్ ఉతికి దండెం మీద ఆరేస్తే, గాలికి ఊగుతూ నన్ను రమ్మని పిలుస్తున్నట్టుండేవి. వంటింటి కిటికీలోంచి నేనూ చెయ్యి ఊపేదాన్ని. "ఎవరమ్మాయ్ వీధిలో?" అని మా అత్తగారు బయటికొచ్చి చూసేవారు.

ఏప్రిల్‌లో మా ప్రాంతపు ఫుట్‌బాల్ కప్పు మొదలైంది. ఇందులో ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. చివరిదాకా గెలిచిన ఒక్క జట్టు మాత్రం రాష్ట్రస్థాయి పోటీకి వెళ్తుంది. మా ఆయనకి కావలసింది అదే.

"ఒక్కసారి, నిజం గడ్డి ఉన్న గ్రౌండులో, వల కట్టిన పోస్టుల మధ్య నిలబడాలని ఉంది ప్రసన్నా" అన్నారు ఒకరోజు, బూట్లకి పట్టిన మట్టి పుల్లతో గీకుతూ.

అప్పటికి మూడుసార్లు సెమీఫైనల్లో ఓడిపోయారు. ముప్పై నిండినవాళ్ళకి ఈ కప్పులో చోటు లేదు. ఆయనకి ఆగస్టులో ముప్పై నిండుతాయి. అంటే ఇదే ఆఖరు.

గణపవరంలో మొదటి మ్యాచ్. వరికోతలైన చేను, మోళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. నేను గోళీసోడా తాగుతూ ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నేర్చుకున్నాను. రెండోది తాడేపల్లిగూడెంలో, పెనాల్టీల దాకా వెళ్ళింది. ఆఖరి పెనాల్టీకి నేను కెవ్వుమని అరిస్తే అవతలివాడు బంతిని కరెంటు తీగల మీదకి తన్నాడు. "వదినగారి పేరు కూడా టీమ్‌లో రాసేద్దాంరా" అన్నాడు డిఫెండర్ దుర్గేష్. ఏలూరులో సెమీఫైనల్ ఒక్క గోలు తేడాతో గెలిచాం. వచ్చేదారిలో బండి మీద ఆయన భుజానికి గడ్డం ఆనించి నేనొక పాట పాడాను. రాగం నాకూ తెలియదు.

ఫైనల్లో మాకు ఎదురుపడింది మండవల్లి వైపు జట్టు. దాన్ని నడిపే కనకరాజుగారు చేపలచెరువుల ఆసామి. ఆ జట్టు ఫైనల్‌కి చెమటపట్టకుండానే వచ్చేసింది. మొదటి రౌండులో ఎదురు జట్టే పడక, ఆడకుండానే పైకి వెళ్ళింది. రెండో రౌండులో అవతలి జట్టు వ్యాను దారిలో ఆగిపోయింది. ఇక సెమీఫైనల్లో అవతలి గోల్‌కీపరుకి ఆ పొద్దుటే విరేచనాలు పట్టుకున్నాయి. ఏం జరిగినా కనకరాజుగారు రెండు చేతులూ జోడించి "అయ్యో, పాపం అండీ" అనేవారట.

ఫైనల్ జూన్‌లో పడింది, గ్రౌండు దొరకలేదు. "మా చెరువుంది కదండీ" అన్నారు కనకరాజుగారు. చేపల పట్టుబడి అయ్యాక మా వైపు చెరువులు ఎండగడతారు. అడుగంతా బల్లపరుపుగా గట్టిపడుతుంది. పిల్లలందరూ బంతి తన్నడం నేర్చుకునేది అక్కడే. మావాళ్ళు సంతోషంగా ఒప్పుకుని, ఎదురు థాంక్స్ చెప్పి వచ్చారు. జూన్‌లో కాలువలు వదులుతారని, చెరువుకి తూము ఉంటుందని, ఆ తూము కనకరాజుగారి చేతిలోనే ఉంటుందని నీళ్ళల్లో పుట్టి పెరిగిన పదకొండుమందిలో ఒక్కరికీ తట్టలేదు.

ఫైనల్ రోజు లేత ఆకుపచ్చ చీర కట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. ఎండిన బురద పగుళ్ళల్లో కోడి ఈకలు ఇరుక్కుని ఉన్నాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"అమ్మాయిగారూ, కుర్చీ వేయించమంటారా? ఎండండీ" అన్నారు కనకరాజుగారు. తెల్లచొక్కా, చేతిలో తడి తువ్వాలు. ఆ మర్యాదకి ముచ్చటేసి కూర్చున్నాను కూడా.

రెండో సగం మొదలయ్యేసరికి మాకు రెండు గోల్స్, వాళ్ళకి ఒకటి. ఇంకో అరగంట ఆపితే చాలు. అప్పుడు చూశాను, కనకరాజుగారి మనిషొకడు గట్టు మీద నింపాదిగా నడుచుకుంటూ మా గోలు వెనక్కి వెళ్ళాడు. వంగి, తూము తలుపు ఎత్తాడు.

"ఏవండీ! వెనకాల నీళ్ళండీ!" అని అరిచాను.

చెరువుకి పల్లం మా గోలు వైపే. నీళ్ళు నేరుగా మా ఆయన కాళ్ళ కిందకి వచ్చాయి. నేను కుర్చీలోంచి లేచి కనకరాజుగారి దగ్గరికి వెళ్ళాను.

"మ్యాచ్ మధ్యలో నీళ్ళు వదిలారేంటండీ?"

"కాలువ వదిలారు కదమ్మా. ఇవాళ మా వంతు. నీళ్ళు మన మాట వింటాయా చెప్పండి?"

"తూము ఎత్తింది మీ మనిషే కదండీ!"

"అలవాటమ్మా. వేళయ్యేసరికి వాడి చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది, పాపం."

ఎండిన బురద నాని జారుడుబల్ల అయిపోయింది. అవతలివాళ్ళు తన్నిన బంతి చాలా మెల్లగా వచ్చింది. మా ఆయన దానికోసం ఒక అడుగు వేశారు, కాలు జారి వెల్లకిలా పడ్డారు. బంతి ఆయన్ని దాటుకుని గోలులోకి తేలుకుంటూ వెళ్ళింది. గట్టు మీద ఈలలు. రెండు, రెండు.

రిఫరీ ఈల వేసి ఆట ఆపేశారు. ఆయన సత్యనారాయణమూర్తి మాస్టారు, మా ఆయన చదివిన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. రేపటికి చెరువు నిండిపోతుంది, ముఖ్య అతిథి వచ్చి వేదిక మీద కూర్చున్నారు, కాబట్టి టాస్ వేసి తేల్చేద్దామన్నారు. జేబులోంచి అయిదు రూపాయల బిళ్ళ తీశారు. ఇత్తడి రంగులో పచ్చగా మెరిసింది. మా ఆయన బొరుసు కోరుకున్నారు. బిళ్ళ పైకి లేచి, ఎవరి చేతికీ అందకుండా బురదనీళ్ళల్లో పడింది.

తూము ఎత్తిన మనిషే వంగి నీళ్ళల్లో చెయ్యి పెట్టాడు. గుప్పిట బయటికి తీసి విప్పాడు.

"బొమ్మండీ!"

వాడి అరచేతిలో ఉన్నది రూపాయి బిళ్ళ. తెల్లగా ఉంది, తడి కూడా సరిగ్గా అంటలేదు. మాస్టారు దాన్ని చూశారు. వేదిక వైపు చూశారు. "బొమ్మే" అని కనకరాజుగారి జట్టు వైపు చెయ్యి ఎత్తారు.

మా ఆయన ఒంటినిండా బురదతో నిలబడి, "పర్లేదండీ" అన్నారు.

ఆ మాటకి నాకు నిజంగానే డోకొచ్చింది. ఆయన కూర పాడైనా అనే మాట అది, నేను ఆలస్యంగా తయారైనా అనే మాట, విన్నప్పుడల్లా మురిసిపోయే మాట. గట్టెక్కి రాగానే అడిగేశాను.

"ఏంటండీ పర్లేదు? రూపాయి కనపడలేదా మీకు?"

"కనపడింది."

"మరి?"

"నాకు బంతి పట్టడం నేర్పింది మాస్టారే ప్రసన్నా. అంతమందిలో ఆయన్ని అబద్ధాలకోరని ఎలా అంటాను?"

"మీరనకండి. నేనంటాను." చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వేదిక వైపు నడిచాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "ఆగు" అన్నారు. కాసేపు నీళ్ళవైపు చూశారు. తర్వాత గ్లోవ్స్ విప్పి నా చేతికిచ్చి, మళ్ళీ చెరువులోకి దిగారు. టాస్ వేసిన చోట పిక్కల్లోతు నీళ్ళల్లో వంగి, చేతులతో బురద తడమడం మొదలుపెట్టారు.

"ఏంట్రా వెతుకుతున్నావు?" దుర్గేష్ అడిగాడు.

"మాస్టారి డబ్బులు."

దుర్గేష్ తనూ దిగాడు. తర్వాత ఒక్కొక్కరే అందరూ. నాట్లు వేసే ఆడవాళ్ళలా వరసగా వంగి వెనక్కి జరుగుతూ తడుముతున్నారు. వేదిక మీద శాలువాలు కప్పుతున్నారుగానీ గట్టు మీద జనమంతా ఇటే చూస్తున్నారు. నేను గ్లోవ్స్ నడుములో దోపుకుని దిగాను. కాలికి మెత్తగా ఏదో తగిలింది. కోడి కాలు, గోళ్ళతో సహా. గట్టిగా అరిచాను, అయినా బయటికి రాలేదు.

బిళ్ళ మా ఆయనకే దొరికింది. నీళ్ళల్లో కడిగి, చొక్కాకి పొడి చోటు లేక నా కొంగుకి తుడిచి, వేదిక ఎక్కారు. అప్పటికే వేదికెక్కి మైకు ముందు కూర్చున్న మాస్టారికి రెండు చేతులతో అందించారు.

"మీ అయిదు రూపాయలండీ మాస్టారూ. నీళ్ళల్లోనే ఉండిపోయింది."

మైకులో ఆ మాట నాలుగు గట్లకీ వినపడింది. మాస్టారు ఆ పచ్చబిళ్ళ వైపు చాలాసేపు చూశారు. నోరు విప్పుతారనుకున్నాను. కర్చీఫ్ తీసి బిళ్ళని శుభ్రంగా తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నారు.

"థాంక్స్ బాబూ" అన్నారు.

కనకరాజుగారు మైకు అందుకున్నారు. "చూశారా అండీ! క్రీడాస్ఫూర్తి అంటే ఇదండీ! ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. తెల్ల రూపాయిని కళ్ళారా చూసినవాళ్ళే, చేతులు ఎర్రబడేలా కొట్టారు.

మా ఆయన వేదిక దిగి తిన్నగా బండి దగ్గరికి నడిచారు. వెనక నుంచి మైకు "రన్నరప్ కెప్టెన్ హేమంత్‌కుమార్‌గారు దయచేసి వేదిక మీదకి రావాలండీ" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఆ గొంతులో మర్యాదకేం లోటు లేదు. ఆయన కిక్ కొట్టారు, నేను బురదచీరతో వెనక ఎక్కాను. ఇద్దరి ఒంటి మీదా ఒకటే కంపు.