ఆగి వినాల్సిన మాట

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఇస్త్రీ విభాగం ఆడవాళ్ళందరూ ఆమెను పెద్దక్క అనేవారు. వయసులో పెద్దదేం కాదు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు నిలబడేది, అంతే. నత్తి మాత్రం చిన్నప్పటి నుంచీ ఆమెను వదల్లేదు. 'ర' దగ్గర నాలుక మొరాయించేది. ఆ అక్షరంతో మొదలయ్యే మాట ఎదురైతే, అప్పులవాణ్ణి చూసినట్టు పక్కసందులోకి తప్పుకుని ఇంకో మాట వాడేసేది.

పని జోరందుకోవాలని మేనేజరు ఇస్త్రీ యంత్రం ముందు చేతులు తగలకుండా అడ్డంగా ఉండే రేకు తీయించాడు. వారం తిరక్కుండానే ఒకమ్మాయి చెయ్యి కాలింది. మేనేజరుతో మాట్లాడమని అందరూ పెద్దక్కనే ముందుకు తోశారు.

ఆమె నేరుగా మేనమామ క్షౌరశాలకు వెళ్ళి గోడు చెప్పుకుంది.

"డెమోస్తనీస్ అని పూర్వం గ్రీకుల్లో ఒకడుండేవాడటే," అన్నాడు మేనమామ కత్తి నూరుతూ. "వాడికీ మాట తడబడేది. మొదటిసారి సభలో నోరు తెరిస్తే జనం నవ్వి దింపేశారు. నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని సాధన చేశాడట. బయటికి పోబుద్ధి కాకుండా సగం తల గొరిగించుకున్నాడట. చివరికి మళ్ళీ అదే సభకు వెళ్తే ఊరంతా వాడి మాట విన్నది. నీకూ సగం గొరగనా?"

"వద్దులే మామయ్యా, మా ఆయన జడుసుకుంటాడు."

ఆ సాయంత్రం వంటింట్లో రెండు గులకరాళ్ళు కడిగి బుగ్గన పెట్టుకుంది. అత్తగారు చూసి నోరెళ్ళబెట్టింది. "బియ్యంలో రాళ్ళు ఏరలేక నేను చస్తుంటే, నువ్వు కోరి నములుతున్నావా?" పెద్దక్కకు నవ్వాగక ఒక రాయి గొంతు దాకా పోయి వెనక్కి వచ్చింది. ఎన్నాళ్ళు తంటాలు పడ్డా నత్తి తగ్గలేదు. కానీ నవ్వి దింపేసిన చోటికే ఆ గ్రీకువాడు మళ్ళీ వెళ్ళాడన్న సంగతి ఆమె మనసులో నాటుకుపోయింది. రాళ్ళకన్నా కష్టం అదే అనిపించింది.

మేనేజరు గదిలో ఆమె వెనకాల నలుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు.

"సార్, యంత్రానికి రే... రే..."

"రేపు సెలవా?" అన్నాడతను, గడియారం చూసుకుంటూ.

"రే... రే..."

"మాట తిన్నగా వచ్చేవాళ్ళెవరూ దొరకలేదా మీకు?"

రేకు అనే బదులు 'మూత' అంటే అక్కడికి సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పెద్దక్క దాన్ని మింగేసింది.

"ఆగండి సార్. నా మాట నేనే పూర్తిచేస్తాను."

వెనకున్నవాళ్ళు ఒక్క మాటా అందించలేదు. ఆమె చూపు దించలేదు.

"రే... రేకు. అది బిగించేదాకా యంత్రం ముట్టుకోం."

అన్నట్టే ముట్టుకోలేదు. తడి దుప్పట్లు గుట్టలుగా పేరుకున్నాయి. ఆసుపత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మధ్యాహ్నానికి మేనేజరు దిగివచ్చి ఫిట్టరును పిలిపించాడు. ఆఖరి బోల్టు బిగిసేదాకా పెద్దక్క అక్కడే నిలబడింది.

"ఈసారి ఇంకెవరినైనా పంపండమ్మా," అన్నాడు మేనేజరు ముఖం చిట్లించుకుని. "నువ్వు టైమంతా తినేశావు."

"వచ్చేసారీ నేనే వస్తాను సార్," అంది ఆమె. "రె... రెండింతల టైం చేసుకుని కూర్చోండి."