పది నిమిషాలు ముందున్న గడియారం

వంతెన మీదుగా నీళ్లు పారిన వరద ఏడాది సంగతి ఇది. ఆటల మైదానంలో ఫొటోలు తీసే ముసలాయన్ని అందరూ మౌనం మామ అనేవారు. ఆయన తీసినవాటికి కంప్యూటర్లో పేర్లు పెట్టేది కోడలు. ఫొటో పడిన సమయాన్ని పరుగుల పట్టికతో కలిపితే, ఏ లైనులో ఎవరో కంప్యూటరే చెప్పేసేది. ఆ రోజు పరుగు పందేల్లో బురద కొట్టుకుని వీపుల మీద అంకెలు కనబడలేదు. భారమంతా సమయం మీదే పడింది.

మొదటి పరుగు మూడూ పదికి, రెండోది మూడూ ఇరవైకి. ఒక ఫొటోలో, మలుపు దగ్గర, మూడో లైను పిల్ల కాలు గీత దాటింది. ఫొటో సమయం మూడూ ఇరవై. రెండో పరుగులో మూడో లైను, అందరూ పొట్టిపిల్ల అనే అమ్మాయిది. కంప్యూటర్ ఆమె పేరే చూపించింది.

పందేలు నడిపే సెక్రటరీ కలం మూత తీశాడు. "ఐదు నిమిషాల్లో ఫైనల్ జాబితా అంటించాలి. ఈ పేరు కొట్టేస్తున్నా."

"నేను గీత తొక్కలేదు సార్!" గుమ్మంలోంచి పొట్టిపిల్ల అరిచింది.

"మరి ఫొటో అబద్ధమాడుతుందా అమ్మా?"

మౌనం మామ ఫొటో మీదికి వంగాడు. మలుపులో నీటిగుంట మెరుస్తోంది. రెండో పరుగుకి ముందే ఆ గుంటలో రంపపు పొట్టు పోసింది తనే.

వరదలో తడిసిన కెమెరాని ఆరబెట్టి, పొద్దున తను టైము పెట్టింది వంటింటి గడియారం చూసి. ఎవరికీ ఆలస్యం కాకూడదని కోడలు దాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పి ఉంచుతుంది. ఇంట్లో అందరూ పది తీసేసి చూసుకుంటారు. కెమెరాకి ఆ సంగతి ఎవరు చెప్పారు?

కోడలికీ తట్టింది. చొక్కా అంచు పట్టి లాగింది. "మామయ్యా, ఊరుకోండి. పొద్దుట్నించీ పెట్టిన పేర్లన్నీ తప్పని తేలితే ఇద్దర్నీ గేటు దాటిస్తాడు."

కలం కాగితానికి ఆనింది.

"ఆగు బాబూ. గుంటలో పొట్టేదీ? రెండో పరుగుకి ముందే పోశాను. ఇది మొదటి పరుగు. కెమెరా టైము పది నిమిషాలు ముందుంది. తప్పు నాది."

"ఇన్నేళ్లకి నోరు విప్పి ఇదా మామా చెప్పేది!" సెక్రటరీ విసుక్కున్నాడు. అయినా గుంట చూశాడు, పట్టిక చూశాడు. కలం పొట్టిపిల్ల పేరు మీంచి మొదటి పరుగులో మూడో లైను పేరు మీదికి జరిగింది. ఆ పేరు గల పిల్ల బయట నవ్వుతూ బూట్లు విప్పుకుంటోంది. మౌనం మామ అటు చూడలేకపోయాడు.

"రేపు సాయంత్రానికి అన్నిటికీ పేర్లు మార్చండి. లేకపోతే ఇద్దరూ రానక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే ఆయన స్టూలెక్కి వంటింటి గడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పాడు. మైదానానికి వెళ్లి, కెమెరా టైము సరిచూసుకోడానికి మొదటి ఫొటో అక్కడి గోడ గడియారానిదే తీశాడు.