రెండోసారి చెప్పే మాట

పాత డీజిల్ రైలుబళ్ళను మళ్ళీ పట్టాలెక్కించి, సరదాగా జనాన్ని తిప్పుతున్న రోజది. కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన ఒకప్పుడు ఇలాంటి ఇంజన్లనే నడిపాడు. వాటి మోతకే రెండు చెవులూ ధారపోశాడు.

ఎదురుగా అల్లుడు నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. అతన్ని చూపించి మనవరాలు ఏదో అంది. పెట్టెలో సగం మంది పకపకా నవ్వారు.

"ఏంటమ్మా?" ముసలాయన ముందుకు వంగాడు.

"ఏం లేదులే నాన్నా," అంది కూతురు.

ఆయన కూడా కాస్త నవ్వి, కిటికీ వైపు తిరిగాడు. ఎందుకో తెలియకుండా నవ్విన ఆ నవ్వును కూతురు చూసింది. చూసీ చూడనట్టు ఊరుకుంది. మనలో చాలామందిమి అలాగే ఊరుకుంటాం.

ఆమె చెడ్డది కాదు, అలిసిపోయింది. ఇంట్లో పని, ఆఫీసులో పని, పైగా ప్రతి మాటా ఆయనకు అరిచి చెప్పాలి. తల్లి ఉన్నన్నాళ్ళూ అది తల్లి చూసుకునేది. ఎవరేమన్నా ఆయన మోచేతి మీద తట్టి, మొహంలో మొహం పెట్టి మళ్ళీ చెప్పేది. ఆవిడ పోయాక ఆ పని ఇక ఎవరిదని ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు.

నిన్న భోజనాల దగ్గర ఆయనే అన్నాడు: "ఇకనుంచి నా కంచం గదిలోకి పంపించెయ్యమ్మా. మీ మధ్య కూర్చుని నేనేం చేస్తాను?" ఆ మాటకు భయపడే ఈ షికారు పెట్టింది కూతురు.

దారిలో ఒక స్టేషన్లో, పాత డ్రైవరని తెలిసి ఆయన్ని ఇంజన్లోకి రమ్మన్నారు. తోడుగా కూతురూ ఎక్కింది. లోపల చెవులు చిల్లులు పడే మోత. దూరాన సిగ్నల్ కనబడగానే ముసలాయన చెయ్యెత్తి, "పచ్చ!" అని కేకపెట్టాడు. పాత అలవాటు. వెంటనే నాలిక్కరుచుకున్నాడు. కానీ డ్రైవరు ఆయన వైపు తిరిగి, తనూ చెయ్యెత్తి, "పచ్చ!" అన్నాడు.

తల్లి పోయాక ఆయన మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

"ఇద్దరికీ కనబడుతూనే ఉందిగా, మళ్ళీ చెప్పడమెందుకు నాన్నా?" తర్వాతి స్టేషన్లో దిగాక చెవి దగ్గర అడిగింది.

"ఆ మోతలో ఒకడన్నది రెండోవాడు తిరిగి అనాలమ్మా. అనకపోతే పక్కన మనిషి లేనట్టే." "మీ అమ్మకీ అదే అలవాటు చేశాను," అన్నాడు.

పెట్టెలోకొచ్చి కూర్చున్నాక కూతురు ఆయన మోచేతి మీద తట్టింది.

"ఇందాక ఎందుకు నవ్వామో చెప్పనా? నీ మనవరాలు అంది, వాళ్ళ నాన్న కూడా డీజిల్ ఇంజనేనట. మోత బోలెడట, కదలడం మాత్రం లేదట!"

ముసలాయన అల్లుడి వైపు చూసి, "అయితే రిపేరు షెడ్డుకి తోలండి!" అన్నాడు.

పెట్టె గొల్లుమంది. అల్లుడు ఉలిక్కిపడి లేచాడు. "ఏంటి? ఏమైంది?"

"అతనికీ చెప్పమ్మా, పాపం," అన్నాడు ముసలాయన, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చాక ఆయన కంచం అందరి మధ్యే పెట్టింది కూతురు. ఆయన వద్దనలేదు. ఆమె అలసట తీరలేదు, రేపు మళ్ళీ విసుగూ రావచ్చు. అయినా ఒక్కటి మాత్రం ఆమెకు తెలిసింది, మనమూ తెలుసుకోవాలి: మాట రెండోసారి చెప్పే ఓపిక లేని ఇంట్లో, వినపడని మనిషి బతికుండగానే దూరమైపోతాడు.