మూత అలాగే ఉండాలి

పియానో మా కొట్టుకి వచ్చిన రోజునే మాస్టారు షరతు పెట్టారు. తీగలు మార్చుకోవచ్చు, వాటిని కొట్టే సుత్తులకి కొత్త ఫెల్టు గుడ్డ వేసుకోవచ్చు, పాలిష్ నా ఇష్టం. నలుపు తెలుపు మెట్ల మీదికి దిగే మూత మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

"దాని కింద రబ్బరు బిళ్ళలూ అవీ పెట్టకండమ్మా. వదిలితే పడాలి," అన్నారు.

పాత సామాను బాగుచేయించుకునేవాళ్ళకి ఇలాంటి పిచ్చి ఏదో ఒకటి ఉంటుంది. ఒకాయన లోపలి దుమ్ము తుడవొద్దన్నాడు, అది వాళ్ళ తాతగారి కాలంనాటి దుమ్మట. అందుకని నవ్వి ఊరుకున్నాను. మాస్టారు సంగీతం చెప్పి రిటైరైన మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. వెంట ఏడేళ్ళ మనవరాలు.

"ఇది బాగయ్యేదాకా నా బల్ల మీద కాగితం అంటించి, మెట్లు గీసి నేర్పిస్తున్నా. మొక్కై వంగనిది మానై వంగదు కదా," అంటూ పిల్ల తల నిమిరారు. పిల్ల బొమ్మలా నిలబడింది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను.

మా మేనమామ దగ్గర నేర్చుకున్న పని నాది. పనితనం ఆయనదే, నోటి దురుసూ ఆయనదే అంటారు ఇంట్లో. తీగలు విప్పాను. మెట్లు ఒక్కొక్కటీ తీసి వరసగా పేర్చాను. ప్రతి మెట్టు కిందా చిన్న ఫెల్టు బిళ్ళ ఉంటుంది, నొక్కినప్పుడు కొయ్యకి కొయ్య తగలకుండా. ఏళ్ళ తరబడి వాయిస్తే అవి కాస్త అణగడం మామూలే. ఇందులో నడిమి మెట్ల కిందవి మాత్రం కాగితంలా నలిగిపోయాయి. వేలితో ఎంత గట్టిగా కొట్టినా అంతగా నలగవు. ఎవరో పిడికిళ్ళతో వాయించినట్టున్నారని నాలో నేనే హాస్యమాడుకున్నాను.

మూత దగ్గరికి వచ్చేసరికి ఆ హాస్యం కాస్తా ఆవిరైపోయింది. వాయించేవాళ్ళు మూతని మధ్యలో పట్టుకుని ఎత్తుతారు. దీనికి మధ్యలో పాలిష్ కొత్తదానిలా మెరుస్తోంది. అరిగిందంతా కుడి చివర, లోపలి చెక్క బయటపడేంతగా. అక్కడ చెయ్యి వేసేది కూర్చున్నవాళ్ళు కాదు, పక్కన నిలబడ్డవాళ్ళు. మూత అంచు ఆనే చోట రెండు రబ్బరు బిళ్ళలు ఉండాలి. వాటిని ఎవరో పెకలించేసిన గుర్తులున్నాయి.

పని ఎంతదాకా వచ్చిందో చూసి రమ్మని మాస్టారు తన కూతుర్ని, ఆ పిల్ల తల్లిని పంపారు. ఉక్కపోస్తున్నా ఆవిడ చేతులు శాలువాలోంచి బయటికి తీయలేదు. మూత ఎత్తి చూపించబోతుంటే నా చెయ్యి జారింది. ధడేల్మని పడింది. ఆవిడ రెండు చేతులూ చంకల్లోకి లాక్కుని గోడకి అతుక్కుపోయింది. శాలువా జారినప్పుడు చూశాను. నాలుగు వేళ్ళు కణుపుల దగ్గర వంకరపోయి ఉన్నాయి.

"ఎవరు చేశారు తల్లీ?" అన్నాను. తెలిసే అడిగాను.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందండీ," అంది. శాలువా సర్దుకుంటూ తనే చెప్పింది. "స్వరం తప్పితే మూత పడేది. పడుతుందని ముందు చెప్పేవారు కాదు. చెబితే చేతులు తీసేస్తానని."

"అంతా తెలిసి పిల్లని దీని ముందు కూర్చోబెడతావా?"

"నాన్న మారిపోయారండీ. చిట్టి మీద ఈగ వాలనివ్వరు. మా ఆయన వదిలేసి వెళ్ళాక ఇంత నీడ ఇచ్చింది నాన్నే. ఏ మొహం పెట్టుకుని అడగను?"

"మారిన మనిషి రబ్బరు బిళ్ళలు వద్దన్నాడెందుకు?"

ఆవిడ శాలువా కప్పుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది, భయమూ వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే గతి ఆ పిల్లకి పట్టకూడదనుకున్నాను. తలుపులు వాటంతటవే మెల్లగా మూసుకోవడానికి బిగిస్తారే, అలాంటి చిన్న గొట్టం ఒకటి తెచ్చి మూత మడతబందుకి బిగించాను. ఇక ఎంత బలంగా తోసినా మూత మెల్లగానే దిగుతుంది. పిల్ల వేళ్ళు భద్రం అనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

పని పూర్తయ్యాక ముగ్గురూ వచ్చారు. మాస్టారు నాలుగు మెట్లు నొక్కి, శ్రుతి బాగుందని తల ఊపి, చిట్టిని కూర్చోబెట్టారు. తను కుడిపక్కన నిలబడ్డారు. ఆయన చెయ్యి వెతుక్కోనక్కర్లేకుండా మూత మీద అరిగిన చోటికే వెళ్ళింది. కూతురు శాలువా బిగించుకుంది.

చిట్టి వాయించింది. ముద్దుగానే వాయించింది. కాసేపటికి ఒక వేలు తప్పి పక్క మెట్టు మీద పడింది.

మూత ఇంకా కదలనే లేదు. పిల్ల రెండు చేతులూ చంకల్లోకి లాక్కుని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ తర్వాతే మాస్టారు మూతని తోశారు. అది మెల్లగా, మేమంతా చూస్తుండగా, ఖాళీ మెట్ల మీదికి దిగింది. చప్పుడే కాలేదు.

"ఇదేం పనమ్మా? పడాలన్నాను కదా," అన్నారు మాస్టారు, ఎప్పటిలాగే మెత్తగా.

కూతురు ఆయన్ని చూడటం లేదు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"చిట్టీ, చేతులెందుకు దాచావే? ఇంట్లో వాయించేది బల్ల మీదేగా, దానికి ఈ మూత లేదుగా."

పిల్ల తాతని చూసింది. అమ్మ చెవి దగ్గరికి వంగింది. అయినా నాకు వినపడింది. "బల్లకి సొరుగుందిగా."

ఆవిడ పిల్ల పిడికిలి విప్పింది. ఒక గోరు నల్లబడి ఉంది.

"తలుపులో పడిందన్నావు..."

"తాతయ్య అలా చెప్పమన్నారు."

ఆవిడ లేచింది. శాలువా కింద పడితే తీసుకోలేదు. ఆ వంకర వేళ్ళతోనే పిల్ల చెయ్యి పట్టుకుని గడప దాటింది.

"చీకటి పడేసరికి వాళ్ళే వస్తారు. నా ఇల్లు తప్ప దిక్కెక్కడుంది?" అన్నారు మాస్టారు. "మీరు ఆ గొట్టం ఊడదీసి పంపించండి."

నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. వెనక ఆయన మూత ఎత్తుతున్నారు, తోస్తున్నారు, మళ్ళీ ఎత్తుతున్నారు. మాస్టారి ఇంటికి మా వీధి చివర కుడివైపు తిరగాలి. తల్లీపిల్లా అక్కడిదాకా నడిచారు. ఆవిడ ఆగిపోయింది. అయిపోయింది, కుడికే తిరుగుతుంది అనుకున్నాను. ఆవిడ పిల్లని చంకనెత్తుకుని ఎడమవైపు తిరిగింది.